లెక్క తేలింది

పద్నాలుగున్నర.
ఆ అంకె చుట్టూ ఎవరో నీలం సిరాతో సున్నా చుట్టారు.
పదిహేనైతే డబ్బొచ్చేది.
పద్నాలుగున్నరకి ఒక ముద్ర, ఒక సంతకం,
తలుపు దాకా సాగనంపిన ఒక చిరునవ్వు.

ఎలాదియో నావెల్కిన్. మా బావ.
చిలోయే దీవిలో, కెయ్యోన్ రేవులో
ఇరవై రెండేళ్లు నీళ్లలోకి దిగినవాడు.
పదిహేను బారల కింద, వలగూటి అడుగున
చచ్చిన సాల్మన్ చేపల్ని ఏరి సంచికెత్తేవాడు.
బతికున్న చేప కంపెనీది. చచ్చిందీ కంపెనీదే.
రాత్రికి రిజిస్టరులో ఒక్కటి తగ్గకూడదు.

బార అంటే తెలుసుగా,
రెండు చేతులూ చాచినంత.
ఇప్పుడు మా బావ బార ఒకటిన్నర చెయ్యి.
ఎడమ భుజంలో ఎముక చచ్చిపోయిందట.
ఫిల్ముని దీపానికి అడ్డంపెట్టి చూపించారు:
తెగులు పట్టిన బంగాళాదుంపని కోస్తే
లోపల ఎలా ఉంటుందో, అలా.
దుంపలు పండించే మనిషి మా అక్క ఎర్సీరా.
ఆవిడకి ఇంకెవరూ వివరించక్కర్లేకపోయింది.

"ఎడమదే కదా" అన్నాడు కంపెనీ మనిషి.
వాడి ఇంట్లో ఎవరూ కట్టెలు చీల్చరు కాబోలు.
మా దగ్గర ఎనిమిది నెలలు వాన,
గొడ్డలికి రెండు చేతులు కావాలి.

పుయెర్తో మోంత్‌లో ఆ గది వెచ్చగా ఉంది.
డాక్టరమ్మ బడిపిల్లల కోణమానిని లాంటిది తీసి
"ఎత్తండి" అంది. ఎత్తాడు.
"ఇంకొంచెం."
చెప్పిన పని చెయ్యలేనని పుట్టి బుద్ధెరిగాక అననివాడు,
పంటి బిగువున ఎత్తాడు.
చెమట మెడ మీంచి కాలరులోకి జారడం నేను చూశాను.
ఆవిడ అంకె మాత్రం రాసుకుంది.
ఆ అరశాతం అక్కడే పోయింది.

ఇక నా సంగతి.
గొట్టం పట్టుకునేది నేను.
పసుపు గొట్టం. ఒక చివర కంప్రెసర్,
ఇంకో చివర మా అక్క మొగుడి ఊపిరి.
పైకి రావడమంటే ఆగుతూ రావాలి,
మూడు బారల దగ్గర వేలాడుతూ ఉండాలి
నెత్తుట్లో చేరిన గాలి మెల్లగా వదిలేదాకా.
ఆ రోజు రేడియోలో మేస్త్రీ అరిచాడు:
ఉత్తరపు గాలి లేచింది, రేవు మూసేస్తున్నారు, లాగెయ్.

లాగాను.

పైకొచ్చి టీ తాగాడు. నవ్వాడు కూడా.
గంట గడిచాక భుజం పట్టుకుని
చెక్కల మీద కూలబడ్డాడు,
వెనకనుంచి ఎవరో పిలిచినట్టు మెడ తిప్పి.

కమిషన్ వాళ్లు నన్నడిగింది ఒక్కటే:
తనంతట తనే పైకొచ్చాడా?
నీళ్లు నమిలాను.
నాకూ ఇద్దరు పిల్లలు. ఏప్రిల్ దాకా కాంట్రాక్టు.
నా వైపు చూడకుండా బావ
కిటికీలోంచి ఏదో ఓడ పేరు చదువుతున్నాడు.

లెక్క తేలింది, అన్నారు.
మనిషి ఇంకా తేలలేదు.

తిరుగు ప్రయాణంలో జలసంధి మీద వాన.
"చెయ్యి దించేస్తే సరిపోయేదిగా" అంది అక్క, రెండుసార్లు.
"మునిగినవాడికి చలేమిటి" అంటూ బావ
తన కోటు విప్పి ఆవిడకి కప్పబోయాడు.
అది ఒక భుజం మీదే ఆగింది.

అప్పీలుకి తొంభై పనిదినాలు గడువట.
పని లేని మనిషికి పనిదినాలు!
కాగితం నా దగ్గరుంది.
సాక్షి అన్నచోట గీత ఖాళీగా ఉంది.

నిన్న గొట్టం చివర ఒక కొత్త కుర్రాడు,
యోనాతాన్, పంతొమ్మిదేళ్లు.
మూడు బారల దగ్గర ఆపాను.
రేడియో అరుస్తూనే ఉంది.
నిమిషాలు పైకే లెక్కపెట్టాను,
మేస్త్రీకి వినపడేంత గట్టిగా.

గీత ఇంకా ఖాళీగానే ఉంది.
అరవై నాలుగు.